తొమ్మిది కడుగుల మట్టి

మధ్యాహ్నం రెండు గంటలకు యాసిడ్ నంబరు నూట నలభై దగ్గర నిలబడిపోయింది. పదికి దిగాల్సిన నంబరు అది. కెమిస్టు గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా మందు వదులుతున్నాడు. ఎంత వదిలినా సీసాలో గులాబీ రంగు నిలవడం లేదు. వచ్చినట్టే వచ్చి చెదిరిపోతోంది. అతని నుదుటి చెమట కళ్ళద్దాల మీదకు జారింది. తుడుచుకోలేదు.

బల్లకు అటుపక్క బస్సు డిపో నుంచి వచ్చిన ఇంజనీరమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. డిపో బస్సులన్నిటికీ ఈ ఫ్యాక్టరీ డీజిల్ కొనాలా వద్దా అన్నది ఆవిడ తేల్చాలి. ఆవిడ పక్కన ఓనరు. గుమ్మం దగ్గర రబ్బరు ఏప్రన్‌తో, తడి బూట్లతో మట్టక్క నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు.

"ఈ మట్టి కడిగింది ఎవరు?" అన్నాడు ఓనరు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచనప్పుడే అందరికీ భయం.

"నేనేనండి" అంది మట్టక్క.

ఇంజనీరమ్మ చేతి గడియారం చూసుకుంది. "రేపు పదింటికి మళ్ళీ వస్తాను. ఇంకో మట్టితో చేసి చూపించండి. అదీ ఇలాగే ఉంటే మా దారి మేం చూసుకుంటాం" అని బయటికి నడిచింది.

ఆ నంబరు కథ మట్టక్కకు ఎవరూ పాఠంలా చెప్పలేదు. ఆరేళ్ళుగా చెవిన పడిందే. నూనె మిల్లుల్లోనూ సబ్బుల ఫ్యాక్టరీల్లోనూ ఎవరికీ పనికిరాకుండా మిగిలే కొవ్వు ఆమ్లం డ్రమ్ములకెత్తి ఇక్కడికి వస్తుంది. చల్లబడితే మైనంలా గడ్డకడుతుంది, వేడెక్కితే నల్లగా పారుతుంది, వాసన మాత్రం రెండు పూటలా ఒకటే. దాన్ని స్పిరిట్‌తో కలిపి, మూత బిగించిన పాత్రలో వేడిచేస్తే బండ్లు నడిపే డీజిల్ అవుతుంది. ఊరికే అవదు. ఇద్దరినీ కలిపి, తాంబూలాలిప్పించి, తాను పక్కకు తప్పుకునే పెళ్ళిళ్ళ పేరయ్య ఒకడు మధ్యలో ఉండాలి. ఇక్కడ ఆ పేరయ్య మట్టి. యాసిడ్ పట్టించి, కొలిమిలో కాల్చి, కడిగిన బూడిదరంగు మట్టి. పెళ్ళి అయ్యాక మట్టిని వడగట్టి తీసి మళ్ళీ వాడుకోవచ్చు, యాసిడ్ అంతా మట్టిలోనే ఉంటుంది కాబట్టి ఒక్క చుక్క బయటికి పోదు. గేటు మీద బోర్డు కూడా అదే చెబుతుంది: "యాసిడ్ చుక్క బయటికి వదలని ఫ్యాక్టరీ." ఇలాంటి బోర్డులు ఓనరు పదకొండు పెట్టించాడు. అందుకే చాటుగా ఆయన పేరు బోర్డుబాబు.

పని జరిగితే యాసిడ్ నంబరు దిగుతుంది, జరగకపోతే దిగదు. ఈరోజు దిగలేదు.

ఇక్కడికి రాకముందు మట్టక్క కరెంటు స్తంభాల మీద ఉండే పింగాణీ డిప్పలు చేసే చోట పదకొండేళ్ళు పనిచేసింది. అక్కడా మట్టి కడగడమే. మట్టిలో చిటికెడు ఉప్పు మిగిలినా కొలిమిలో డిప్ప పగులుతుంది. పగిలిన డిప్ప ఎవరి తొట్టి మట్టో వెతికి మరీ తిట్టేవారు. అలా తిట్లు తిని నేర్చుకున్న పని ఆమెది. తొట్టిలో చేయి పెట్టి రెండు వేళ్ళ మధ్య మట్టిని రాస్తే, ఇది ఎన్ని నీళ్ళు తాగిందో, ఇంకెన్ని తాగాలో చెప్పగలదు. ఆ డిప్పల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడికి వచ్చింది. మొదటి వారంలోనే మట్టక్క అయింది. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, అక్కడే ఉండిపోయింది.

యాసిడ్ పోయిందో లేదో చూడటానికి మొదట్లో రంగు మారే కాగితాలిచ్చేవారు. రెండేళ్ళ కిందట అయిపోయాయి. తెప్పిస్తామన్నారు. ఆ మాట ఇప్పటికీ అలాగే చెక్కుచెదరకుండా ఉంది. ఏప్రన్ జేబులో ఆమె ఒక పాలరాయి ముక్క పెట్టుకుంది. ఓనరు గదిలో కొత్తగా రాయి పరిచినప్పుడు చెత్తకుప్పలో దొరికిందది. దాన్ని మేకుతో ఒకసారి గీరి, గీరినచోట కడుగు నీటి చుక్క వేస్తుంది. నీళ్ళలో యాసిడ్ ఉంటే చుక్క సన్నగా బుసబుసమంటుంది, చిన్న చిన్న బుడగలొస్తాయి. లేకపోతే నీళ్ళు నీళ్ళలా ఉంటాయి. ఆ చుక్క దగ్గర చెవి పెట్టి వినడం ఆమెకు అలవాటు. చూసేవాళ్ళకు నవ్వు.

"ఏమంటోందక్కా నీ రాయి? జీతాలు ఎప్పుడిస్తారటా?" అనేవారు.

"ముందు మీరు పని చేయాలంటోంది" అనేది.

రాయి అయినా అబద్ధం చెబుతుందేమో గాని ఆమె వేళ్ళు చెప్పవు. మూడు నెలలకు ఒక జత గ్లౌజులిస్తారు, మూడు వారాలకు వాటి వేళ్ళు చిరుగుతాయి. కణుపుల మీద పగుళ్ళు ఎప్పుడూ మానవు. ఏ నీళ్ళలో ఎంత యాసిడ్ ఉందో ఆ పగుళ్ళకు తెలుసు. మంచి ఇంధనం అని పేరు పెట్టినంత మాత్రాన దాన్ని చేసే చేతులు కాలకుండా ఉండవు. ఈ సంగతి ఏ బోర్డు మీదా ఉండదు.

కడుగుల షెడ్డులో గోడ మీద రంగుతో రాసి ఉంటుంది: "మూడు కడుగులు. అంతే." ఆ 'అంతే' తరువాత చేర్చింది. వచ్చిన కొత్తలో మట్టక్క నాలుగో కడుగు వేసింది. నీళ్ళు దండగ చేస్తున్నావని మేస్త్రి గొడవపెట్టుకున్నాడు. రాయి ఇంకా బుసకొడుతోందని ఆమె చెప్పింది. మర్నాడు డబ్బా, కుంచె తెచ్చి అంతే అని రాశాడు. అప్పటి నుంచి ఆరేళ్ళు మూడే.

మొన్న అదే మేస్త్రి షెడ్డులోకి వచ్చి, "బయటివాళ్ళొస్తున్నారు. ఈ మట్టి జాగ్రత్తగా కడుగు. మాట రాకూడదు" అన్నాడు.

ఆయన ఉద్దేశం నేల మీద ఒలకబోయకు, తొట్టి అంచులు తుడువు, ఏప్రన్ ఉతుక్కో అని. మట్టక్కకు వినిపించింది అది కాదు. బయటివాళ్ళొస్తున్నారంటే ఇంట్లో మంచి గ్లాసులు దించి, రోజూ కడిగినట్టు కాక ఇంకో రెండుసార్లు కడుగుతాం. ఆరేళ్ళ తరువాత ఒకరు నోరు తెరిచి జాగ్రత్తగా కడుగు అన్నారు. ఆమె కడిగింది. మూడో కడుగుకు రాయి బుసబుసమంది. అయిదుకు తగ్గింది. ఏడుకు చెవి ఆనించి వింటే గాని తెలియలేదు. తొమ్మిదో కడుగుకు రాయి మాట్లాడటం మానేసింది, కణుపుల మంట కూడా ఆగింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ పాట కూడా పాడుకుంది.

ఇప్పుడు ఆ తొమ్మిది కడుగుల మట్టే పని చేయలేదు.

ఇంజనీరమ్మ కారు గేటు దాటిన అరగంటకు మేస్త్రి షెడ్డులోకి వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం. "చదువుకో" అన్నాడు.

చదివింది. "నా అజాగ్రత్త వల్ల మట్టి పాడైంది. తప్పు పూర్తిగా నాది. యాజమాన్యానికి ఏ సంబంధమూ లేదు." కింద గీత, గీత కింద ఆమె అసలు పేరు.

అజాగ్రత్త అన్న మాట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

"ఈ సంతకం పెడితే నా పని పోదా?"

"పోతుంది. మర్యాదగా పోతుంది. రెండు నెలల జీతం చేతిలో పెడతారు."

"పెట్టకపోతే?"

మేస్త్రి తొట్టి అంచు మీద కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. "చూడు మట్టక్కా. రేపు పదింటికి ఆవిడొస్తుంది. మూడు కడుగుల మట్టి సిద్ధంగా ఉంది, నేనే కడిగించాను, అది పని చేస్తుంది. కానీ ఈరోజుది ఎందుకు చేయలేదని అడుగుతుంది కదా. ఈ కాగితం చూపిస్తే కడిగే మనిషి తప్పని ఊరుకుంటుంది. లేకపోతే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే ఓనరు మూసేస్తానంటున్నాడు. నలభై మందిమి. నీ ఒక్క సంతకం, నలభై ఇళ్ళ పొయ్యి. పదిలోపు తెచ్చిపెట్టు."

ఆయన వెళ్ళిపోయాక కాగితం తడవకుండా మడిచి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది. తలెత్తితే షెడ్డు మూల కెమిస్టు నిలబడి ఉన్నాడు. ముప్పై నిండని వాడు, పెద్ద చదువు చదివినవాడు. యాసిడ్ పట్టించిన మట్టి మీదే చదివాడు. ఈ ఫ్యాక్టరీ అతని మట్టి మీదే నిలబడింది. అతను తొట్టిలోకి చూస్తున్నాడు.

"ఎన్నిసార్లు కడిగావక్కా?"

"తొమ్మిది."

బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. "తొమ్మిది కడుగులకు నా మట్టి చావకూడదక్కా. పందొమ్మిది కడిగినా చావకూడదు."

"మరి చచ్చిందేం బాబూ?"

"కొలిమిలో ఎనిమిది గంటలు కాలాలి. అప్పుడే యాసిడ్ మట్టిని గట్టిగా పట్టుకుంటుంది. ఇక్కడ రెండు గంటలకే దించేస్తున్నారు. గ్యాసు ఖర్చన్నారు. సరేనన్నాను."

"సరేనన్నావా, సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"ఈ ఫ్యాక్టరీలో సంతకాలకు కరువు లేదులే." ఆమె పాలరాయిని అరచేతిలో తిప్పింది. "అంటే యాసిడ్ మట్టిని పట్టుకుని లేదు. చొక్కా మీద దుమ్ములా పైపైన ఉంది. స్పిరిట్లో పడగానే ఊడిపోయి, పనంతా ఊడిన యాసిడే చేస్తోంది. మట్టి ఉత్త మోసే కూలి. నేను ఇక్కడే దులిపేశాను కాబట్టి అక్కడ పని చేయడానికి ఏమీ మిగల్లేదు. అంతేనా?"

అతను తలూపాడు.

"పేరయ్యను గెంటేసినా పెళ్ళి ఆగదన్నమాట."

"దానికి పరీక్ష ఉందక్కా. మట్టిని వేడి స్పిరిట్లో నానబెట్టి, మట్టిని వడగట్టి పారేసి, ఆ స్పిరిట్ ఒక్కటే కొవ్వులో పోసి చూడాలి. నంబరు దిగితే పని చేసేది మట్టి కాదని తేలిపోతుంది."

"చేశావా?"

"కాలేజీలో, నేను సరిగ్గా కాల్చిన మట్టికి చేశాను. దిగలేదు. ఈ మట్టికి చేయలేదు."

"ఏం?"

"తెలిసిపోతుందని."

ఆ ఊడిన యాసిడ్ చివరికి ఎక్కడికి పోతోందో అతన్ని అడగాల్సిన పని లేదు. డీజిల్ తయారయ్యాక నీళ్ళతో కడుగుతారు. ఆ నీళ్ళు వెనక గోడలోని గొట్టం గుండా సందులోని కాలువలోకి పోతాయి. సందులో ఆమె ఇల్లు ఉంది. కాలువ సిమెంటు అంచులు వేలితో గీకితే ఇసుకలా రాలతాయి. ఆ సందులో పిల్లల కాళ్ళకు వానాకాలం పుండ్లు పడతాయి. నీటి మార్పు అని అందరూ అనుకుంటారు.

ఆ నీటి వాల్వు తిప్పేది ఆమె తోటికోడలు.

సాయంత్రం ఇంట్లో దీపం వేసేసరికే తోటికోడలు గుమ్మంలో ఉంది. పక్కపక్క ఇళ్ళు, ఒకే గోడ. మట్టక్క భర్త కిటికీ దగ్గర కూర్చుని ఒక పాత తాళాన్ని విప్పుతున్నాడు. తాళాలు బాగుచేయడం అతని పని.

"సంతకం పెట్టేశావా అక్కా?"

"లేదే."

"పెడతావా?"

"తొమ్మిదిసార్లు కడిగి అజాగ్రత్త అని ఎలా పెట్టను?"

"ఒక మాటే కదా. ఆ మాట నిన్నేం కొరుకుతుంది?" తోటికోడలు లోపలికి వచ్చింది, కూర్చోలేదు. "నీ పని పోతే బావగారి తాళాలున్నాయి. మా ఆయన నడుం విరిగి మంచం మీదున్నాడు. మా ఇంటికి ఆ వాల్వు ఒక్కటే దిక్కు."

మట్టక్క కెమిస్టు చెప్పిందంతా చెప్పింది. రెండు గంటల కొలిమి, ఊడే యాసిడ్, వెనక గొట్టం. తోటికోడలు ముఖం మొదట ఎర్రబడి, తరువాత పాలిపోయింది.

"నీ మాట నిజమైతే, ఆరేళ్ళుగా ఆ నీళ్ళు మన సందులోకి వదిలింది ఎవరు? ఓనరా? ఆయన చెయ్యి ఏనాడైనా వాల్వు మీద పడిందా? తిప్పింది నేను. నా కూతురి కాళ్ళకు రాత్రి మందు రాశాను, పొద్దున్నే వెళ్ళి తిప్పాను."

"తిప్పమంటే తిప్పావు. నీకు తెలుసా ఏంటి?"

"నా చెప్పులు రెండు నెలలకొకసారి ఎందుకు చీకిపోతున్నాయో నాకు తెలియదనుకున్నావా? తెలుసుకోకుండా ఉన్నాను. నువ్వు రేపు నలుగురిలో చెప్పి నాకు తెలిసేలా చేస్తావు." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "సంతకం పెట్టకపోతే నా గడప తొక్కకు."

తలుపు వేసిన చప్పుడు రెండిళ్ళ గోడలోంచీ వినిపించింది.

భర్త తాళంలోంచి చిన్న స్ప్రింగు తీసి దీపం దగ్గర పెట్టి చూశాడు. "నన్ను అడగవేం?" అన్నాడు.

"అడిగితే ఏమంటావు?"

"పెట్టమంటాను. భయం నాకు."

"అందుకే అడగలేదు."

అతను నవ్వాడు, తరువాత నవ్వలేదు. ఆ స్ప్రింగు ఆ సాయంత్రం తాళంలోకి తిరిగి వెళ్ళలేదు.

మర్నాడు పదికి పది నిమిషాలుండగా ల్యాబులో అందరూ ఉన్నారు. పరీక్ష పాత్రలు బల్ల మీద రెండు, ఒకటి పనికి, ఒకటి అదనంగా. మూడు కడుగుల మట్టి పళ్ళెంలో. మేస్త్రి కళ్ళు మట్టక్క చేతుల మీదే. ఆమె కాగితం తీసి ఓనరుకిచ్చింది. ఆయన చూడకుండానే ఇంజనీరమ్మకు అందించాడు.

"నిన్నటి పొరపాటుకు కారణం ఇదీ మేడమ్. కడిగే మనిషి అజాగ్రత్త. రాసిచ్చింది."

ఇంజనీరమ్మ చదివింది. కాగితం తిప్పి చూసింది. "ఇందులో సంతకం లేదే."

ఓనరు మెల్లిగా తల తిప్పాడు. మేస్త్రి నేల చూపులు చూశాడు.

"ఏం తప్పు చేశావమ్మా?" అని అడిగింది ఇంజనీరమ్మ, మట్టక్కను.

"తొమ్మిదిసార్లు కడిగాను మేడమ్."

"ఎన్నిసార్లు కడగాలి?"

"మూడు. గోడ మీద రాసుంది."

"ఎక్కువ కడిగితే తప్పెలా అవుతుంది? యాసిడ్ మట్టిలోనే ఉంటుందని కదా మీరు బోర్డు పెట్టారు?" ఆ ప్రశ్న మట్టక్కకు కాదు.

"మేడమ్, ఆమెకు కెమిస్ట్రీ ఏం తెలుసు" అన్నాడు ఓనరు. "మనం పని మొదలుపెడదాం."

"నాకు తెలీదండి" అంది మట్టక్క. ఇంజనీరమ్మ వైపు తిరిగింది. "మేడమ్, రెండు పాత్రలున్నాయి కదా. ఒకదాన్లో మీరనుకున్నట్టే ఈ మట్టి వేసి చేయండి. రెండోదాన్లో ఇదే మట్టిని వేడి స్పిరిట్లో నానబెట్టి, మట్టి తీసేసి, వట్టి స్పిరిట్ పోసి చేయండి. మట్టి లేనిది ఆగిపోతే తప్పు నాది. నేనే సంతకం పెడతాను, అజాగ్రత్త అన్న ఆ మాటకే పెడతాను. జీతం కూడా వద్దు."

ఓనరు కెమిస్టు వైపు చూశాడు. కుదరదని చెప్పు అన్న చూపు అది.

కెమిస్టు కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. "చేయొచ్చు మేడమ్" అన్నాడు. "నేనే ఎప్పుడో చేయాల్సింది."

నానబెట్టడానికి గంట. వడగట్టడానికి పావుగంట. రెండుసార్లు వడగట్టించింది ఇంజనీరమ్మ, ఒక్క రేణువు కూడా ఉండకూడదని. వడగట్టిన స్పిరిట్ నీళ్ళలా తేటగా ఉంది, అందులో ఏమైనా ఉందంటే ఎవరూ నమ్మరు. రెండు పాత్రల మూతలు బిగించారు. వేడి పెట్టారు. ఆ తరువాత నాలుగు గంటలు ఎవరూ చేయగలిగింది లేదు.

మట్టక్క గుమ్మం దగ్గరే నిలబడింది. కూర్చోమని ఇంజనీరమ్మ స్టూలు జరిపితే, కూర్చుంటే లేవలేనేమో అనిపించి వద్దంది. ఇప్పుడు ఆమె భయం వేరు. కెమిస్టు పొరబడి ఉంటే? తన చేతులే పొరబడి ఉంటే? కిటికీలోంచి చూస్తే కార్మికులు గుంపుగా నిలబడి ఉన్నారు, వాళ్ళలో తోటికోడలు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని. వాళ్ళకు ఏది మంచిదో మట్టక్కకు తెలియడం లేదు. మట్టి లేని పాత్రలో నంబరు దిగితే ఫ్యాక్టరీ అబద్ధం. దిగకపోతే తను అబద్ధం. తను అబద్ధమైతే వాళ్ళందరికీ రేపు పని ఉంటుంది. ఆ సంగతి తెలిసే నిలబడింది. కూలివాడి నోట నిజం రావాలంటే ముందు పక్కవాడి కూడు పణంగా పెట్టాలి. మన ఫ్యాక్టరీలు అలా కట్టినవి. ఓనరు నిజం చెప్పడానికి గ్యాసు ఖర్చు చాలు. మట్టక్క నిజం చెప్పడానికి నలభై పొయ్యిలు కావాలి.

మొదటి గంటకు మట్టి ఉన్న పాత్ర తొంభై. మట్టి లేనిది నూట ఆరు. ఓనరు ముఖంలోకి కొంచెం రక్తం వచ్చింది. "చూశారా తేడా" అన్నాడు.

రెండో గంటకు నలభై ఒకటి, యాభై రెండు.

మూడో గంటకు పంతొమ్మిది, ఇరవై మూడు.

నాలుగో గంటకు కెమిస్టు చేతిలోని గొట్టం అంచు సీసాకు తగిలింది. ఇంజనీరమ్మ ముందుకొచ్చి, "నాకివ్వు" అని తానే చుక్కలు వదిలింది. మొదటి సీసా గులాబీ రంగుకు తిరిగి నిలిచింది. తొమ్మిది. రెండో సీసాకు ఇంకో మూడు నాలుగు చుక్కలు ఎక్కువ పట్టాయి. అదీ తిరిగింది, అదీ నిలిచింది. పదకొండు.

మట్టి లేకుండానే.

ఇంజనీరమ్మ గొట్టం దించి, "మీ వెనక గోడ గొట్టం ఎక్కడికి పోతుంది?" అని ఓనరును అడిగింది. ఆయన చెప్పకముందే మేస్త్రి, ఏ దేవుడు పూనాడో, "సందులోకి మేడమ్" అనేశాడు.

కెమిస్టు బల్ల మీద ఉన్న సంతకం లేని కాగితం తీసుకున్నాడు. వెనక తిప్పి, కొలిమిలో ఎనిమిది గంటలకు బదులు రెండు గంటలు కాల్చడానికి ఒప్పుకున్నది తానేనని రాసి, కింద సంతకం పెట్టాడు. ఓనరు అతని చేతిలోంచి కాగితం లాక్కోబోయి, ఇంజనీరమ్మ చూస్తోందని ఆగాడు.

ఇక్కడితో ఆపితే కథ బాగుండేది. ఆ సాయంత్రమే గేటుకు తాళం పడింది. కొలిమి మార్చేదాకా, గొట్టం మూసేదాకా డీజిల్ కొనేది లేదని డిపో రాసింది. కాలువ నీళ్ళు పరీక్షకు పట్టుకెళ్ళడానికి ఎవరో వచ్చారు. ఏడు వారాలు నలభై మందికి పని లేదు. సందులో మట్టక్క ఎదురొస్తే మనుషులు పక్క సందులోకి తిరిగారు. కొళాయి దగ్గర ఆమె బిందె పెడితే ముందున్నవాళ్ళు తమ బిందె నిండడానికి లేనిపోని ఆలస్యం చేశారు. "మహా శుభ్రం మనిషి, మన పొట్టలు కూడా కడిగేసింది" అని ఒకావిడ ఆమెకు వినపడేలా అంది. మట్టక్క బిందె ఎత్తుకుంది. ఆవిడ ఇంట్లో డబ్బాలు నిజంగానే ఖాళీ.

తోటికోడలు తలుపు ఏడు వారాలూ తెరుచుకోలేదు. గోడ అవతల మరిది దగ్గు వినిపించేది, పిల్ల పాఠం చదవడం వినిపించేది. రోజూ గంజి గిన్నె ఒకటి మట్టక్క ఆ గుమ్మంలో పెట్టి వచ్చేది. గడప తొక్కకుండా, బయటి నుంచే. సాయంత్రానికి గిన్నె కడిగి తిరిగి గుమ్మంలో ఉండేది. మాట మాత్రం లేదు.

ఎనిమిదో వారం మేస్త్రి వచ్చాడు. కొలిమి కొత్తది పెట్టారు, మట్టి ఎనిమిది గంటలు కాలుతోంది. పని నెమ్మదిగా జరుగుతోంది, నంబరు పదికి దిగాలంటే రెండు విడతలు చేయాలి, ఓనరు రోజంతా గొణుగుతున్నాడు, గేటు మీద బోర్డు రంగు వేయడానికని దించి మళ్ళీ ఎక్కించలేదు. ప్రతి తొట్టికీ వడగట్టి చూసే పరీక్ష కెమిస్టే చేస్తున్నాడు. అతను ఉద్యోగంలో ఉన్నది డిపోవాళ్ళు అడ్డం పడ్డారని. "కడగడం నీకు తప్ప ఎవరికీ చేతకావడం లేదు. రమ్మంటున్నారు."

"ఎవరు?"

"డిపోవాళ్ళ షరతుల్లో ఉంది, అనుభవం ఉన్న మనిషే కడగాలని."

"అలా చెప్పు. ఆయన రమ్మన్నాడంటే జ్వరమొచ్చేది నాకు." ఆమె చేతులు చూసుకుంది. ఏడు వారాల సెలవులో కణుపుల పగుళ్ళు కొంచెం పూడాయి. "నెలకో జత గ్లౌజులు, రంగు కాగితాలు, గోడ మీద ఆ 'అంతే' చెరిపెయ్యాలి. కాగితం మీద రాసి, ఈసారి వాళ్ళు సంతకం పెట్టి పంపించమను."

మేస్త్రి తల గోక్కుని వెళ్ళాడు. రెండు రోజుల తరువాత కాగితం వచ్చింది. గ్లౌజులు రెండు నెలలకొక జత అని కొట్టేసి దిద్ది ఉంది. వెళ్ళింది.

పనిలో చేరిన మూడో రోజు మధ్యాహ్నం షెడ్డు గుమ్మంలో నీడ పడింది. తోటికోడలు. చేతిలో చిన్న సీసా, సీసాలో కొంచెం మురికిగా ఉన్న నీళ్ళు.

"కాలువలోవి" అంది. ఏడు వారాలు దాటాక తొలి మాట. "వాల్వు తిప్పాక పట్టాను. కాగితాల పెట్టె చూపించాడు కెమిస్టు, నాకు ఆ రంగుల లెక్క తెలీదు."

మట్టక్క గ్లౌజులు తీసింది. జేబులోంచి పాలరాయి తీసి, మేకుతో కొత్తగా గీరి, తొట్టి అంచు మీద పెట్టింది. తోటికోడలు సీసా వంచింది. రెండు చుక్కలకు బదులు అరసీసా ఒలికింది.

ఇద్దరూ వంగి, తలకు తల తగిలేంత దగ్గరగా, రాయి మీదకు చెవులు పెట్టారు.

"ఏమంటోందక్కా?"

మట్టక్క ఇంకాసేపు విన్నది.

"ఏమీ అనడం లేదే" అంది.

తోటికోడలు లేవలేదు. రాయి వైపే చూస్తూ, "ఇంకోసారి పోసి చూద్దాం" అని సీసాలో మిగిలిన నీళ్ళు పోసింది.